జేబులో ఉల్లిగడ్డ

హనుమకొండ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం వచ్చిన ఉత్తరాలన్నిటికంటె ముందు జవాబు చెప్పవలసినది. ఆమె భర్త ఉద్యోగరీత్యా రోజూ మోటారుసైకిలు మీద పరకాల, నర్సంపేట వైపు పల్లెలు తిరుగుతారట. ఎండాకాలం వచ్చిందంటే అత్తగారు ప్రతి ఉదయం కొడుకు చొక్కాజేబులో ఒక ఉల్లిగడ్డ వేసి గాని గడప దాటనివ్వరట. అది వుంటే వడదెబ్బ తగలదని ఆవిడ ధైర్యం. ఆ ధైర్యంతోనే ఆయన నీళ్ళసీసా తీసుకుపోవడం మానేశారు. ఇక అత్తగారు తనమటుకు తాను పూటకొక పచ్చి ఉల్లిగడ్డ తింటూ, చక్కెరజబ్బుకు డాక్టరిచ్చిన బిళ్ళలను రోజు విడిచి రోజు వేసుకుంటున్నారట. "ఉల్లిని గురించి మీరు నాలుగు మాటలు రాస్తే ఇంట్లో చదివి వినిపిస్తాను. నేను చెపితే కోడలు చెప్పినట్టుంటుంది" అని ఉత్తరం ముగించారు.

నాలుగు మాటలతో తేలే సంగతి కాదిది. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని సామెత వున్న భాష మనది. ఆ తల్లి మాటను పక్కనపెట్టి ఉల్లి మాటను పట్టుకున్న వాళ్ళు మన ఇళ్ళలో చాలామంది వున్నారు. కాబట్టి ఉల్లి చేసే మేలేమిటో, చేయలేని మేలేమిటో రెండూ చెప్పుకుందాం.

ముందు జేబు సంగతి, ఎందుకంటే అది ప్రాణానికి సంబంధించినది. మన ఒంటికి చల్లదనం ఇచ్చేది చెమట. చెమట ఆరుతూ వుంటే ఒంట్లోని వేడి బయటికి పోతుంది. నీరూ ఉప్పూ తగ్గిపోయి చెమట పట్టడం కుంటుపడితే లోపలి వేడి పెరుగుతుంది. అది 104 డిగ్రీల ఫారెన్‌హీటు దాటిందంటే మెదడు మొదలుకొని మూత్రపిండాలవరకు అన్నీ దెబ్బతింటాయి. వడదెబ్బ అంటే ఇదే. ఇందులో చొక్కాజేబులో చుట్టూ పొర చెక్కుచెదరకుండా కూర్చున్న ఉల్లిగడ్డ చేయగలిగింది ఏమీ లేదు. అది వేడిని పీల్చదు. వాసన చూపించినా పీల్చదు.

మరి ఈ నమ్మకం ఎక్కడినుంచి వచ్చింది? నా ఊహ ఒకటి చెపుతాను, ఊహగానే తీసుకోండి. పొలానికి వెళ్ళే రైతు పూర్వం మూటలో జొన్నగటకో, కుండలో అంబలో, సల్లో పట్టుకుపోయేవాడు. దానితోపాటు నంజుకోవడానికి ఒక ఉల్లిగడ్డ, రెండు పచ్చిమిరపకాయలు. మధ్యాహ్నం చెట్టునీడన కూర్చుని ఆ అంబలి తాగి, ఉల్లిగడ్డను పిడికిలితో గుద్ది, ఉప్పు అద్దుకుని తినేవాడు. ఆ ఉప్పూ, ఆ నీరూ, ఆ నీడా, ఆ గంట విశ్రాంతీ అతన్ని కాపాడేవి. కాలక్రమేణా అంబలి పోయింది, నీడ పోయింది, విశ్రాంతి పోయింది. ఉల్లిగడ్డ ఒక్కటే మిగిలి మూటలోనుంచి జేబులోకి వచ్చింది కాబోలు.

2015 మే నెలలో వచ్చిన వడగాలులు మనకింకా గుర్తే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటా కలిపి దాదాపు రెండువేలమంది పోయారు. ఓరుగల్లు ఎండ తెలియనిదెవరికి? రాతినేల పగలంతా కాగి రాత్రి పదిగంటలదాకా సెగలు కక్కుతూనే వుంటుంది. అటువంటి ఎండలో బండిమీద తిరిగే మనిషికి కావలసినవి తలకొక తడిగుడ్డ, బండికి వేలాడే నీళ్ళసీసా, మజ్జిగ. దాహం వేసేదాకా ఆగకుండా గంటకొకసారి గుక్కెడు తాగడం అలవాటు కావాలి. మందులషాపుల్లో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం అయితే దానిమీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలి. సగం నీళ్ళలో కలిపి చిక్కగా తాగితే మేలుకు బదులు కీడు. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీచెంచా, తలకొట్టిన చెంచా. రక్తపుపోటు వున్నవారూ, చక్కెరజబ్బు వున్నవారూ రోజూ తాగే పానీయంగా దీన్ని పెట్టుకోకూడదు. వారికి మామూలు నీళ్ళు, పలచని మజ్జిగ చాలు.

కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, పిక్కలు పట్టెయ్యడం మొదటి హెచ్చరికలు. అప్పుడే నీడకు చేరాలి. మాట తడబడినా, మనిషి తెలివితప్పినా, ఒళ్ళు నిప్పులా కాలుతున్నా అది వడదెబ్బే. బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరండి. మెడమీద, చంకల్లో, గజ్జల్లో తడిగుడ్డలు వేయండి. 108 బండికి ఫోను చేయండి. 2005లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఆ బండ్లు మొదలైన సంగతి మీకు తెలిసే వుంటుంది. తెలివి లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు. ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టి కూర్చుంటే కాలం వృథా. ఆ పది నిమిషాలే ప్రాణం.

హనుమకొండ సోదరికి నా సలహా ఇది. అత్తగారు వేసిన ఉల్లిగడ్డను జేబులోనుంచి తియ్యకండి. తీస్తే తగాదా. దాని పక్కన నీళ్ళసీసా పెట్టండి. టిఫిను డబ్బాలో పెరుగన్నం పెట్టి, "అత్తమ్మా, మీరిచ్చిన గడ్డను మధ్యాహ్నం ఇందులో కోసుకుని తినమని మీరే చెప్పండి" అనండి. జేబులోనుంచి కడుపులోకి వెళ్ళినప్పుడే ఉల్లికి పని మొదలవుతుంది.

ఇక ఆ పని ఏమిటో చూద్దాం. నూరు గ్రాముల ఉల్లిగడ్డలో సుమారు 88 గ్రాములు నీరే. 40, 50 కాలరీలకు మించి శక్తి లేదు. విటమిను సి ఏడు మిల్లీగ్రాములదాకా వుంటుంది. అదే బరువు జామపండులో దీనికి ఎన్నోరెట్లు వుంటుంది. కనుక పోషకాల పట్టికలో ఉల్లి పెద్ద మొనగాడు కాదు. దాని గొప్పతనం వేరేచోట వుంది.

మొదటిది గంధకం. ఉల్లి మొక్క నేలలోని గంధకాన్ని పీల్చి తన కణాల్లో ఒక పదార్థంగా దాచుకుంటుంది. దాన్ని మార్చే ఎంజైము అదే కణంలో వేరే అరలో వుంటుంది. గడ్డ నిండుగా వున్నంతసేపు రెండూ కలవవు, అందుకే కోయని ఉల్లికి వాసన లేదు. కత్తి పడగానే గోడలు కూలి రెండూ కలుస్తాయి. ఘాటు పుడుతుంది. కళ్ళనీళ్ళు తెప్పించే వాయువు తయారుకావడానికి మరొక ప్రత్యేక ఎంజైము వున్నదని జపానుదేశపు శాస్త్రజ్ఞులు 2002లో కనిపెట్టారు. నవ్వించి ఆపైన ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్‌నోబెల్ బహుమతి వారికి 2013లో వచ్చింది. ఇన్ని తరాల ఆడవాళ్ళు ఏడ్చిన ఏడుపుకు అంతమాత్రం గుర్తింపైనా దొరికింది.

రెండవది క్వెర్సెటిన్ అనే పదార్థం. హాలెండులోని జుట్ఫెన్ అనే ఊళ్ళో 65 దాటిన మగవారు ఎనిమిదివందలమందికి పైగా తినే తిండిని లెక్కగట్టి, అయిదేళ్ళపాటు గమనించి 1993లో ఒక పరిశోధన ప్రకటించారు. ఈ క్వెర్సెటిన్ జాతి పదార్థాలను ఎక్కువగా తీసుకున్నవారిలో గుండెజబ్బు మరణాలు తక్కువగా కనిపించాయి. ఆ ఊరివాళ్ళకు అవి ముఖ్యంగా టీ నుంచి, ఆ తరువాత ఉల్లి, ఆపిలు పళ్ళనుంచి వచ్చాయి. ఉల్లి తినబట్టే వారు బతికారని దీనివల్ల రుజువు కాదు. కూరలు బాగా తినే మనిషి మిగతా అలవాట్లు కూడా బాగుండవచ్చు. అయినా ఉల్లి పక్షాన ఒక మంచి సాక్ష్యమే.

ఈ క్వెర్సెటిన్ ఎర్ర ఉల్లిలో ఎక్కువ, తెల్ల ఉల్లిలో దాదాపు లేదు. గడ్డలో కూడా పైపొరల్లో ఎక్కువ, లోపలికి పోయినకొద్దీ తక్కువ. మనమేం చేస్తాం? పొట్టుతోపాటు పైనున్న రెండు కండగల పొరలు కూడా ఒలిచి చెత్తబుట్టలో వేస్తాం. కాగితంలాటి పొట్టు మటుకు తీస్తే చాలు. వండితే ఇది అంత తేలికగా నశించదు. ఉడికించినప్పుడు నీళ్ళలోకి దిగుతుంది. పులుసులోనో, చారులోనో అయితే ఆ నీళ్ళు మన కడుపులోకే వస్తాయి గనుక నష్టం లేదు. నల్లగా మాడేదాకా నూనెలో వేయించి బిర్యానీమీద చల్లే ఉల్లి రుచికి మంచిదే, ఆరోగ్యం లెక్కలో మాత్రం అది నూనె తాగిన ఉల్లి.

మూడవది పీచు. ఉల్లిలో ఫ్రక్టాన్లనే ఒకరకం పిండిపదార్థం వుంది. దాన్ని మన పేగులు జీర్ణం చేసుకోలేవు. పెద్దపేగులోని మంచి సూక్ష్మజీవులకు అది ఆహారం. అవి బాగుంటే విరేచనం సాఫీగా వుంటుంది. ఇదే గుణం కొందరికి శాపం, ఆ సంగతి కాసేపటికి.

అన్నిటికంటె మనకు పనికివచ్చే సంగతి నాలుగవది. దాన్ని ఎవరూ చెప్పరు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవారు ధాన్యాలు, పప్పుదినుసులతో ఉల్లినీ వెల్లుల్లినీ కలిపి ప్రయోగశాలలో జీర్ణక్రియను అనుకరించి చూశారు. ఉల్లి కలిసినప్పుడు ఆ గింజలలోని ఇనుము, జింకు మరింత ఎక్కువగా ఒంటికి పట్టే స్థితిలోకి వచ్చాయని 2010లో ప్రకటించారు. గాజుగొట్టాలలో చేసిన ప్రయోగం గనుక మనిషిలో సరిగ్గా అంతే జరుగుతుందని అనలేం. అయినా మన పరిస్థితి చూడండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత వుంది. అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 70 మందికి వుంది. వరండాలో కూర్చుని ఈ పేజీ చదివే పదిమంది ఆడవాళ్ళలో అయిదారుగురు అన్నమాట. మెట్లెక్కితే ఆయాసం, పొద్దున లేస్తే నీరసం, పిల్లలమీద చిరాకు. అందరూ దాన్ని పనిభారం అనుకుంటారు.

మనం తినే ఇనుములో ఎక్కువభాగం గింజలనుంచీ, ఆకుకూరలనుంచీ వచ్చేదే. అది ఒంటికి అంత సులువుగా పట్టదు. జొన్నరొట్టె, పప్పు, పక్కన ఉల్లిగడ్డ, ఒక నిమ్మచెక్క అన్న మన పెద్దల పళ్ళెం ఎంత తెలివైనదో దీన్నిబట్టి తెలుస్తుంది. నిమ్మకాయలోని విటమిను సి ఇనుమును పట్టిస్తుందన్నది తిరుగులేని సంగతి. భోజనం ముగియగానే టీ తాగితే ఆ ఇనుము పట్టకుండా పోతుందన్నది కూడా అంతే తిరుగులేనిది. కనుక టీని గంటా రెండుగంటలు దూరం జరపండి. డాక్టరు ఇనుపబిళ్ళలు రాస్తే మానకండి. ఉల్లి ఆ బిళ్ళకు తోడు వస్తుందేగాని దాని బదులు రాదు.

ఇప్పుడు అత్తగారి చక్కెరజబ్బు. పచ్చి ఉల్లి ఎక్కువ మోతాదులో తిన్నప్పుడు రక్తంలో చక్కెర కొంత తగ్గిందని కొన్ని చిన్న చిన్న పరిశోధనలు చెప్పిన మాట నిజమే. అవి కొద్దిమందిమీద, కొద్ది గంటలో కొద్ది రోజులో చేసినవి. రోజూ బిళ్ళ చేసే పని ఉల్లి చేస్తుందని వాటిలో ఏదీ చెప్పలేదు. అత్తగారు ఉల్లి తినడం మానక్కర్లేదు, అన్నం రెండు ముద్దలు తగ్గించి ఉల్లి, దోసకాయ ముక్కలు పెంచితే మంచిదే. బిళ్ళ మాత్రం రోజు విడిచి రోజు కాదు. ఈ జబ్బుకు నొప్పి లేదు. అదే దీని మోసం. బిళ్ళ మానినరోజు కూడా మనిషి బాగానే తిరుగుతుంది. కంటిలోని సన్నని రక్తనాళాలూ, మూత్రపిండాలూ, అరికాళ్ళ నరాలూ లోపల్లోపల దెబ్బతిని, అయిదేళ్ళకో పదేళ్ళకో బయటపడతాయి. బిళ్ళలు ఎక్కువైనాయని ఆవిడకు అనిపిస్తే ఆ మాట డాక్టరుకే చెప్పాలి. ఆయనే రక్తపరీక్ష చేయించి తగ్గించవలసివస్తే తగ్గిస్తారు.

అత్తగారి పక్షాన కూడా ఒక మాట. ఉల్లిని మందుగా చూడడం ఆవిడ కనిపెట్టింది కాదు. చరకసంహిత దీన్ని పలాండువన్నది. బలమిస్తుంది, వాతాన్ని పోగొడుతుంది, రుచి పుట్టిస్తుంది, అరగడానికి బరువు అని చెప్పింది. అదే పలాండువును మనుస్మృతి ద్విజులకు తినరానిదన్నది. వైద్యుడు పొగిడినదాన్ని ధర్మశాస్త్రం వెలివేసింది. ఏడవ శతాబ్దంలో మనదేశం తిరిగిన హ్యూయన్‌త్సాంగ్ ఇక్కడ ఉల్లి, వెల్లుల్లి తినేవారు తక్కువనీ, తిన్నవారిని ఊరిబయటకు పంపుతారనీ రాసుకున్నాడు. మరోవైపు ఈజిప్టులో పిరమిడ్డు కట్టిన కూలీలకు ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగికే ఎంత వెండి ఖర్చయిందో రాతిమీద చెక్కివున్నదని హెరొడోటస్ రాశాడు. ఇప్పటికీ మన ఇళ్ళలో కార్తీకమాసంలోనో, వ్రతం రోజునో ఉల్లి మానేవారున్నారు. మడి వంటలో ఉల్లి రానివ్వనివారున్నారు. వారికేమీ లోటు లేదు. ఉల్లి ఇచ్చేవన్నీ ఆకుకూరలు, పప్పులు, పళ్ళు, ఇంగువ పోపుతో చేసిన కూరలు తినే ఇంట్లో వేరే దారిన వస్తాయి. ఆరోగ్యం పేరు చెప్పి వారిచేత బలవంతాన ఉల్లి తినిపించడం నాకు నచ్చదు.

ఉల్లి పడనివారు కూడా వున్నారు. ఛాతీలో మంట, పులితేపులు వున్నవారికి పచ్చి ఉల్లి ఆ బాధను పెంచుతుందని 1990లో అమెరికాలో పరీక్షించి చూశారు. మంట లేనివారికి ఏమీ కాలేదు. పైన చెప్పిన ఫ్రక్టాన్లు కొందరి పేగుల్లో పులిసి పొట్ట ఉబ్బరం, కడుపునొప్పి తెస్తాయి. అటువంటివారు పచ్చిది మాని వండినది కొద్దిగా తిని చూడాలి. అదీ పడకపోతే ఉల్లాకు పచ్చభాగం వేసుకోవచ్చు, అందులో ఆ బాధ తక్కువ. ఉల్లాకులో విటమిను కె బాగా వుంటుంది. గుండెజబ్బుకు రక్తం పలచబడే వార్ఫరిన్ బిళ్ళలు వాడేవారు మాత్రం ఆకుకూరలను ఒకరోజు విపరీతంగా తిని మర్నాడు మానడం చేయకూడదు. రోజూ ఒకే మోతాదు పాటించాలి.

మిగతా ఉత్తరాలలో వచ్చిన సందేహాలకు వరసగా జవాబులు.

చెవిపోటుకు ఉల్లిరసం పిండవచ్చునా అని కాజీపేట నుంచి ఒకరు అడిగారు. వద్దు. కర్ణభేరికి చిల్లువుంటే ఆ రసం లోపలికి పోయి నానా అవస్థ. కాలినచోట ఉల్లి రాయడమూ వద్దు. కొళాయికింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు పారించండి, ఆపైన శుభ్రమైన గుడ్డ కప్పండి. తేలు కుట్టినచోట ఉల్లి రుద్దుతూ కూర్చోవడం మరీ ప్రమాదం. ఎర్రతేలు కుట్టితే పిల్లల గుండెకే ముప్పు. దానికి ప్రాజోసిన్ అనే మందు ప్రాణం పోస్తుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ చూపించిన తరువాత ఎందరో పిల్లలు బతికారు. ఆ మందు ఆసుపత్రిలో దొరుకుతుంది, వంటింట్లో దొరకదు.

కోసిన ఉల్లి గదిలోని క్రిములన్నిటినీ పీల్చుకుంటుందట, నిజమా అని ఒక కళాశాల విద్యార్థిని ప్రశ్న. నిజం కాదు. ఉల్లి అయస్కాంతమూ కాదు, క్రిములు ఇనుపరజనూ కాదు. కోసి మిగిలిన ముక్క విషమైపోతుందన్నది కూడా అబద్ధమే. మూతపెట్టి ఫ్రిజ్‌లో వుంచి మర్నాడు వాడుకోండి. 2021లో కరోనా రెండవ విడత రోజుల్లో పచ్చి ఉల్లిని సైంధవలవణంతో తింటే జబ్బు పోతుందని ఫోన్లలో ఊరంతా పాకింది. అది అబద్ధమని కేంద్రప్రభుత్వ సమాచార విభాగమే చెప్పవలసివచ్చింది.

జుట్టు రాలుతోంది, ఉల్లిరసం రాయనా అని అడిగినవారు ఒకరిద్దరు కాదు. పేనుకొరుకుడు అంటామే, తలమీద రూపాయంత మేర జుట్టు వూడి నున్నగా అవుతుంది, దానికి ఉల్లిరసం రాసి బాగ్దాదులో డాక్టర్లు 2002లో ఒక ప్రయోగం ప్రకటించారు. ఆరువారాల్లో 23 మందిలో 20 మందికి వెంట్రుకలు వచ్చాయి. చాలా చిన్న ప్రయోగం, పైగా ఈ జబ్బు దానంతట అదే తగ్గేది కూడా. దువ్వెనకు వచ్చే మామూలు జుట్టుకు, మగవారి బట్టతలకు దీన్ని అన్వయించకండి. రాసుకుని మంటపుడితే వెంటనే కడిగెయ్యండి. ఆ వాసన భరించవలసినది ఇంట్లో మిగతావారు కూడా అన్న సంగతి మరవకండి.

పిల్లల దగ్గుకు ఉల్లిరసం, తేనె కలిపి ఇవ్వవచ్చు. తేనె గొంతుకు హాయినిస్తుంది. ఏడాది నిండని పాపకు మాత్రం తేనె చుక్క కూడా పెట్టకూడదు.

కొనడం, దాచడం గురించి రెండు మాటలు. ఓరుగల్లు పేరు చెపితే ఎనుమాముల మార్కెట్టు, అక్కడి పత్తి, మిరప గుర్తుకువస్తాయి. మన చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఉల్లికి ఆ వైభవం లేదు. లక్ష్మీపురం కూరగాయల మార్కెట్టులో దిగే గడ్డ మహారాష్ట్రదో, కర్నూలుదో అయివుంటుంది. యాసంగిలో పండి వేసవిలో చేతికొచ్చే గడ్డ బాగా ఆరి, పొరలు గట్టిపడి నాలుగైదు నెలలు నిలుస్తుంది. వానాకాలపు పంట తడితో వస్తుంది, నిలవదు. ఆ రెండింటి మధ్య సందులోనే ధర కొండెక్కుతుంది. 1998లో ఢిల్లీ ప్రభుత్వం ఓడిపోవడానికి ఉల్లిధర ఒక కారణమన్నారు. 2019 చివర కిలో వందరూపాయలు దాటినప్పుడు మనమంతా ఉల్లి లేకుండానే కూరలు వండుకున్నాం, ఎవరి ఆరోగ్యమూ చెడలేదు.

మెడ సన్నగా, గట్టిగా ఎండినది ఏరుకోండి. మెడ మెత్తగా వుంటే లోపల కుళ్ళు మొదలైనట్టే. గాలి తగిలే బుట్టలో, చీకటిగా వుండేచోట పెట్టండి. ఆలుగడ్డలతో కలిపి పెట్టకండి, వాటి తడికి ఇవి చెడతాయి. పొరలమధ్య నల్లటి మసిలాగా కనిపించేది బూజు. పైపొర వరకే వుంటే ఆ పొర తీసి కడిగి వాడుకోవచ్చు, లోపల మెత్తబడితే పారెయ్యండి. మొలక వచ్చిన ఆలుగడ్డకు భయపడాలిగాని మొలక వచ్చిన ఉల్లికి భయపడనక్కర్లేదు. ఆ మొలకను కూడా తరిగి కూరలో వేయవచ్చు. కోసేముందు అరగంట ఫ్రిజ్‌లో వుంచి, పదునైన కత్తితో, వేరుభాగం చివరికి మిగిల్చి కోస్తే కంటినీరు తగ్గుతుంది. మొద్దుకత్తి కోయదు, నలుపుతుంది. నలిగినకొద్దీ ఏడుపు.

పచ్చి ఉల్లి తినడానికి మనకు పచ్చిపులుసును మించిన ఉపాయం లేదు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పలచగా రసం తీసి, కాల్చిన పచ్చిమిరపకాయలు, ఉప్పు, కొత్తిమీర, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ చేత్తో పిసికి కలిపి, జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకు పోపు పెట్టండి. కావలసినవారు చెంచాడు వేయించిన నువ్వులపొడి కలుపుకోండి. పొయ్యిమీద మరిగించకూడదు, అదే దాని కిటుకు. విటమిను సి అలాగే వుంటుంది. సర్వపిండిలో, అదే మనవాళ్ళు గిన్నప్ప అంటారే, అందులో ఉల్లాకు ధారాళంగా వేయండి, పిల్లలు మారుమాట్లాడకుండా తింటారు.

ఆఖరు ఉత్తరం ఒక బడిపిల్లవాడిది. "మా కుక్కకు కూడా ఉల్లి మంచిదేనా?" అని అడిగాడు. కాదు బాబూ. కుక్కకు, పిల్లికి ఉల్లీ వెల్లుల్లీ రెండూ విషమే, పచ్చివైనా వండినవైనా. వాటి రక్తంలోని ఎర్రకణాలు పగిలిపోతాయి. రాత్రి మిగిలిన పులుసన్నం, ఉల్లి వేసిన కూర దానికి పెట్టవద్దని అమ్మకు చెప్పు. ఉత్త అన్నంలో కాస్త పెరుగు కలిపి పెట్టండి. పొరపాటున తిని నీరసంగా, పళ్ళచిగుళ్ళు పాలిపోయి కనిపిస్తే ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరుకు చూపించండి.